పగిడయ్య కుడి బొటనవేలు

అడవి అంచున పోలీస్ స్టేషన్ ఎదురుగా విస్తరాకులు కుట్టుకునే పగిడయ్య ఇరవై ఏళ్లలో వంద ఇళ్ల సోదాకు సాక్షి. ఒక్క ఇంటి గడపా తొక్కి ఎరుగడు. పోలీసులు పంచనామా రాసుకొచ్చి పిలిస్తే ఎడమ బొటనవేలు సిరాలో అద్ది వేలిముద్ర వేయడమే ఆయన సాక్ష్యం.

1974లో ఒకరోజు హెడ్ కానిస్టేబుల్ మళ్లీ పంచనామా తెచ్చాడు.

"పగిడయ్యా, తెల్లదొరల నాటి సోదాల చట్టం పోయింది. కొత్తది వచ్చింది."

"అయితే సాక్షి గిప్పుడు ఆ ఇంటికి పోయి చూడాలె గద సార్?"

"పాత దాంట్ల గూడ గట్లనే ఉండె."

"మరి ఏంది మారింది?"

హెడ్డు సిరా డబ్బా ముందుకు జరిపాడు. "సెక్షన్ నంబరు. నూటమూడు పోయి నూరైంది."

పగిడయ్య ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడి బొటనవేలు సిరాలో ముంచాడు.

"నేను గూడ గంతనే మారిన సార్. రాసుకోండ్రి."