మూడు వరుసల పేజీ

మా సారు పోయారని మొన్న వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "నిద్రల్నే పోయిండన్నా, ఎవ్వల్ని పరేషాన్ చెయ్యలే," అన్నాడు. నిజమే అయ్యుంటుంది. బతికినన్నాళ్లూ మిషన్లను తప్ప ఎవరినీ విసిగించని మనిషి.

తొంభైల చివర కరీంనగర్ బస్టాండు వెనక మాకొక ఈమెయిల్ సెంటర్ ఉండేది. మెయిల్ సర్వర్ సారుది. గల్ఫ్ నుంచి వచ్చే మెయిళ్లు అచ్చుతీసి ఇంటివాళ్లకు చదివి వినిపించే పని నాది.

కాగితం దగ్గర సారు మహా పిసినారి. పాడైన ప్రింట్ల వెనకవైపులు కుట్టి నోటుబుక్కు చేసుకుని, అంచుల్లో కూడా రాసేవారు. "పెండ్లి పత్రిక గూడ బస్ టికెట్ మీదనే కొట్టిచ్చిండ్రా సారూ?" అని నేనంటే, "టికెట్‌కు రెండు దిక్కులుంటయి గదనయ్యా," అనేవారు.

ఒకసారి ఎవడో తమాషాకు, పంపినవాడిదిగా లేని అడ్రసు పెట్టి, ఒకాయన దుబాయ్‌లో చనిపోయాడని మెయిల్ కొట్టాడు. అది చదివి వినిపించింది నేనే. ఆ ఇల్లు రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు.

ఆ సాయంత్రమే సారు సర్వర్‌కు రెండు తాళాలు వేశారు. "ఇగ మన మిషన్ ముసలవ్వ లెక్క. వచ్చినోన్ని ఏ ఇంటోనివని అడుగుతది. గా ఇల్లే లేదంటే గడప తొక్కనియ్యది." అది మొదటిది. రెండోది, ఉత్తరంలో ప్రతి వరుస చివరా మిషన్లకు మాత్రమే కనబడే రెండు గుర్తులు ఉండాలి. ఒకటే ఉంటే వాపసు. ఉత్తరం ఎక్కడ ముగిసిందో మిషన్ తికమకపడి, దాని వెనకే దొంగ ఉత్తరాన్ని లోపలికి రానివ్వకూడదని.

జగిత్యాల దిక్కు నుంచి ఒక అవ్వ ప్రతి వారం వచ్చేది. కొడుకు ఎడారిలో క్యాంపులో ఉండేవాడు. వరసగా మూడు వారాలు "రాలే అవ్వా," అని పంపించాను. నాలుగో వారం కొడుకు పోయాడన్న కబురు వచ్చింది. కబురు తెచ్చినవాడు, "నీకు మూడుసార్లు మెయిల్ కొట్టిండవ్వా," అన్నాడట.

అవ్వ వచ్చి అడిగితే సారు సర్వర్ చిట్టా తీశారు. మూడు వాపసులు. అడ్రసు అబద్ధం కాదు. క్యాంపులో మార్చిన కొత్త మిషన్ వరుస చివర ఒకటే గుర్తు పెడుతోంది. తిరిగొచ్చినప్పుడల్లా మళ్లీ పంపినట్టున్నాడు. వాపసు చేసిన ఉత్తరం మా దగ్గర మిగలదు.

"పేరు మావోనిదేనా సారూ?"

"మీవోనిదే అవ్వా."

"గీ తలుపు కాడికి మూడుసార్లు వచ్చిండా?"

"వచ్చిండు."

"ఏమన్నడు?"

"నేను ఇనలే అవ్వా." సారు తల ఎత్తలేదు. వరుసల సంగతి చెప్పబోయారు.

"సదువుకోలే సారూ వాడు," అంది అవ్వ, కొడుకు తరఫున మాఫీ అడుగుతున్నట్టు. "వరుసలు సక్కగ రాయరాదు వానికి."

"సక్కగనే రాసిండవ్వా. తప్పు నాది," అన్నారు సారు. ఆమె నమ్మలేదు.

అదే రోజు రెండో తాళం తీసేశారు. అప్పట్నుంచి వరుసలు ఎలా ముగిసినా సర్వరే సరిచేసుకునేది. మొదటి తాళం ఆపిన పేర్లను సారు రోజూ పొద్దున్నే, అందుకోసమే కుట్టిన నోటుబుక్కులో రాసి, ఒక్కొక్కటీ విచారించేవారు. అవ్వ మళ్లీ రాలేదు. రావడానికి ఆమెకేం మిగిలింది?

నిన్న ఆ నోటుబుక్కు తమ్ముడు నా చేతిలో పెట్టాడు. లోపల అంచులు కూడా నిండి ఉన్నాయి. మొదటి పేజీలో మాత్రం మూడు వరుసలే. మూడుసార్లూ అదే పేరు. దాని కింద, కాగితం ముక్క వదలని మనిషి, ఒక ఉత్తరం పట్టేంత తెలుపు వదిలేశారు.