బండల మీద పంచిన కేకు

మొన్న ఎదురు ఫ్లాట్‌లో ఉండే అమ్మాయి తన పాప పుట్టినరోజని కాగితం ప్లేటులో కేకు ముక్క తెచ్చి, నేను లోపలికి రమ్మనేలోగానే చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఉద్యోగం వదిలి, కూతురు పెళ్ళి చేసి, వికారాబాద్‌లో ఒంటరిగా కాపురం పెట్టాక పక్కవాళ్ళ ఇంటి నుంచి నాకొచ్చిన మొదటి తినుబండారం అది. తిన్నాక అలవాటు కొద్దీ ప్లేటు కడగబోతే, నీళ్ళకు మెత్తబడి చేతిలోనే చిరిగిపోయింది.

అప్పుడు తాండూరు రోజులు గుర్తొచ్చాయి. నేను నాపరాళ్ళకు పాలిష్ పట్టే చోట గుమాస్తాను. మా పాప మాటలు నేర్చే వయసులోనే వాళ్ళమ్మ పోయింది. ఊరికి కొత్త, పైగా నలుగురిలో కలిసే స్వభావం నాకు మొదటినుంచీ తక్కువ. పొద్దున జడలు వేయడం, అవి ఏనాడూ రెండు వైపులా సమానంగా వచ్చేవి కావనుకోండి, బడిలో దింపడం, సాయంత్రం ఇంత పప్పూ అన్నం వండుకోవడం, అన్నిటికీ మేమిద్దరమే. ఆ ఏడు పుట్టినరోజుకు పాప ఒక్కటే కోరింది, మనింటికి మనుషులు రావాలని.

పిలవడానికి మొహమాటపడి, కేకు చేసి ఇరుగుపొరుగుకు పంచితే వాళ్ళే వస్తారనుకున్నాను. వాళ్ళమ్మ చేసిన పద్ధతి గుర్తు తెచ్చుకుని కుక్కర్‌లో ఇసుక పోసి, మూతకు రబ్బరూ విజిలూ తీసేసి, సన్నటి మంట మీద పెట్టాను. అడుగు మాడినా వాసన మాత్రం వీధంతా పాకింది. ఇంట్లో ఉన్నవి రెండే కంచాలు కాబట్టి, పని చోట మిగిలిన నున్నటి బండ ముక్కలు కడిగి, వాటి మీద కేకు పెట్టి ఇంటింటికీ ఇచ్చి వచ్చాం. నా తెలివికి నేనే మురిసిపోయాను. సాయంత్రం పాప కొత్త గౌను వేసుకుని గడపలో కూర్చుంది. వీధి దీపాలు వెలిగాయి గాని ఒక్కరూ రాలేదు. "నాయినా, మనింటికి ఎవలు రారా?" అని అది అడిగితే నాకు దుఃఖం ఆగలేదు.

మర్నాడు పక్కింటి ఖాలా, ఉర్దూలో పిన్ని అని వీధంతా అలాగే పిలిచే మా అమ్మ వయసు మనిషి, సంగతి విని పడీపడీ నవ్వింది. "బండ మీద పెట్టిస్తే వాపస్ ఎవలు తెస్తరు బేటా? ఊరంతా బండలే గదా! గిన్నెల ఇయ్యాలె. గిన్నెను ఖాళీగ పంపరు, దాన్ని పట్కొని మనిషి గూడ వస్తడు." నిజమే, మూలింటివాళ్ళు మా బండను అప్పటికే నీళ్ళకుండకు మూత చేసుకున్నారు.

మరుసటి ఏడు ఖాలా తన గిన్నెలు ఇచ్చింది. సాయంత్రానికి ఒకటి బెల్లంతో, ఒకటి పేలాలతో, కన్నడం మాట్లాడే వాళ్ళింటి గిన్నె జొన్నరొట్టెలతో తిరిగి వచ్చాయి. తెచ్చినవాళ్ళు కూర్చున్నారు, పాపను ఎత్తుకున్నారు, నా జడల పనితనం చూసి ఆటపట్టించారు. ఆ రాత్రి పాప ఖాలా ఒళ్ళోనే నిద్రపోయింది. ఆ తర్వాత తాండూరులో మేమెప్పుడూ ఇద్దరమే అనిపించలేదు.

ఇదంతా తలచుకుని నిన్న మళ్ళీ కుక్కర్‌లో ఇసుక పోశాను. ఈసారి అడుగు మాడలేదు. మంచి స్టీలు గిన్నె చూసి, కేకు పెట్టి, ఎదురు తలుపు తట్టాను. ఆ అమ్మాయి ఎంతో సంతోషించింది. "జర ఆగుండ్రి అంకుల్" అని లోపలికి వెళ్ళి, కేకు తన ప్లేటులోకి తీసుకుని, గిన్నె తళతళా కడిగి తెచ్చింది. "మళ్ళ మీరు గిన్నె కోసం పరేషాన్ గావద్దని" అంటూ నా చేతికిచ్చి నవ్వింది.

తప్పు ఆ పిల్లది కాదు, మర్యాదే చేసింది. గిన్నెను ఖాళీగా పంపకూడదని చెప్పడానికి ఆమె పక్కింట్లో ఖాలా లాంటి మనిషి లేదు. ఉన్నది నేనే. నేనేమో థాంక్సమ్మా అని, ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చేశాను.