బాలమణి విన్న మాటలు

1948 సెప్టెంబరు నాటికి నేను సికింద్రాబాద్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో జూనియర్ లేడీ డాక్టరుగా చేరి ఏడాది కాలేదు. మత్తు ఇవ్వడం నా పని. నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చిన ఆ వారం సగం సిబ్బంది డ్యూటీకి రాలేకపోయారు. సిస్టర్ మహబూబ్ బీ మాత్రం రాంగోపాల్‌పేట్ నుంచి నడిచి వచ్చేవారు. పదిహేనేళ్లుగా ఆపరేషన్ థియేటర్ బాధ్యత ఆమెదే.

ఒక మధ్యాహ్నం, తొలి కాన్పుకు వచ్చిన బాలమణి కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. పెద్ద డాక్టరు గారు సిజేరియన్ చేయాలన్నారు. నేను స్పైనల్ ఇచ్చాను. అంటే నడుము దగ్గర వెన్నులోని నీటిలోకి ఒక్క సూది. ఇప్పుడు కాన్పులకు ఇచ్చే ఎపిడ్యూరల్‌కు అది దగ్గరి చుట్టం. రెంటిలోనూ అరుదుగా వచ్చే ప్రమాదం ఒకటుంది: మందు ఛాతీ దాటి పైకి పాకితే ఊపిరి నిలిచిపోతుంది. రక్తపోటు పడిపోతోందని కంగారుపడి నేను బల్లను తల కిందికి వచ్చేలా వంచాను. బరువైన మందు, పల్లానికే పోయింది.

“డాక్టరమ్మా, చేతులు తిమ్మిరెక్కినయ్. ఊపిరి ఆడ్తలే...” అంటూనే బాలమణి గొంతు ఆగిపోయింది.

నేను బిగుసుకుపోయాను. మహబూబ్ బీ ఊపిరి అందించే బ్యాగు తగిలించిన మాస్కు నా చేతిలో పెట్టి, “బ్యాగు ఒత్తుండ్రి డాక్టరమ్మా. మందు దిగేదాంక ఒత్తుడే,” అన్నారు. బల్ల సరిచేసి, రక్తపోటుకు ఇంజక్షన్ ఇచ్చారు. తరువాత, కదలిక లేని ఆ మనిషి చెవి దగ్గర వంగి మాట్లాడసాగారు.

“పరేషాన్ గాకు బిడ్డా. నీకు ఇనవడ్తున్నది, నాకెర్కే. నీకు డాక్టరమ్మ ఊపిరి పోస్తున్నది. జెర ఓపిక పట్టు.” పెద్ద డాక్టరు గారు బిడ్డను బయటికి తీశాక, “ఆడపిల్ల పుట్టింది. మంచిగ ఏడుస్తున్నది, ఇన్నవా?”

అరగంట దాటాక బాలమణి ఛాతీ తనంతట తాను కదిలింది. మర్నాడు నా తప్పు ఒప్పుకోబోతే ఆమె ఆ మాట పట్టించుకోలేదు. “సచ్చిపోయిననుకున్న. కన్ను తెరుద్దామంటే రాలే. సిస్టరమ్మ మాటలన్ని ఇన్న. గా మాటలు పట్టుకునే ఉన్న,” అంది.

నెల తిరక్కుండానే మహబూబ్ బీ రాజీనామా ఇచ్చారు. “మా అన్నకు నిజాం సర్కార్ల ఉన్న కొలువు పోయింది. ఇంటిల్లిపాది పోతున్నం,” అన్నారు. ఎక్కడికని అడిగితే ఇంకా తెల్వదన్నారు. రాస్తానన్న ఉత్తరం రాలేదు. నేను వెళ్లి చూసేసరికి వాళ్ల ఇంట్లో వేరేవాళ్లు దిగారు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఏ థియేటర్లో అడుగుపెట్టినా, బల్లకు అవతల ఆమె ఉంటే బాగుండుననిపించేది. మంచి సిస్టర్లు చాలామందే వచ్చారు.

స్పైనల్ ఇచ్చాక బల్ల వంచేముందు మత్తు ఎంతదాకా ఎక్కిందో చూడాలని నా తప్పు నేర్పింది. మాట్లాడలేని రోగి వినడం లేదని అనుకోరాదని మహబూబ్ బీ నేర్పారు. ఆ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను.