పాప ఊపిరిని ముందు చూసింది ఆమె

మా పాపను చూసుకునే అక్క అంటే నాకు కుళ్లు. బోరబండ నుంచి రెండు ఆటోలు మారి పొద్దున ఎనిమిదింటికల్లా పుప్పాలగూడలోని మా ఫ్లాట్‌కు వచ్చేది. తలుపు చప్పుడు వినగానే ఏడాదిన్నర పాప నా చంకలోంచి జారిపోయేది. నేను పెడితే ఉమ్మేసే పప్పన్నం ఆమె పెడితే మింగేది. మొదటి మాట కూడా 'అక్క'. నేను పిలవడం విని నేర్చుకుంది కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు.

హాల్లో కెమెరా పెట్టించాను. భద్రత కోసమని మా ఆయనతో చెప్పాను. నిజానికి కోకాపేట ఆఫీసులో కూర్చుని, ఆమె దగ్గర పాప ఎంత నవ్వుతోందో చూసి కడుపు మండించుకునేదాన్ని. ఇద్దరూ పార్కుకు పోవడం కూడా ఓర్చుకోలేక, నా ఫోన్‌లోని గేటు యాప్‌లో నేను ఒప్పుకుంటేనే పాపను గేటు దాటనివ్వాలని సెక్యూరిటీ వాళ్లకు చెప్పిపెట్టాను.

ఒక వారం పాపకు జలుబు, జ్వరం. మూడో రోజు పొద్దున సిరప్ పోస్తే ఒళ్లు చల్లబడింది. నేను ఆఫీసుకు వెళ్లిపోయాను. పదిన్నరకు అక్క ఫోన్ చేసింది.

"మేడం, పాప దమ్ము తీస్తుంటే డొక్కలు లోపలికి గుంజుతున్నయ్. పాలు గూడ తాగుతలేదు. జర జల్దీ రాండ్రి, దవాఖానకు పోదాం."

"జ్వరం ఉందా?"

"లేదు గానీ, గౌను ఎత్తి చూసిన. మా పెద్దోనికి చిన్నప్పుడు గిట్లనే అయింది."

కెమెరా తెరిచాను. పాప ఆమె ఒడిలో కళ్లు మూసుకుని ఉంది. ఆ ఒడిని చూడగానే నాకు ఒళ్లు మండింది. తల్లిని నేనా, ఆమెనా?

"నేను చూస్తాండా కదక్కా. జ్వరం తగ్గి నిద్రపోతాంది. ఊరికే భయపడొద్దు," అని పెట్టేశాను.

కెమెరాలో ఊపిరి కనిపించదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చూస్తున్నానన్నాను. ఆ తర్వాత ఆమె రెండుసార్లు ఫోన్ చేస్తే కట్ చేశాను.

పన్నెండున్నరకు ఫోన్ మోగింది. గేటు దగ్గర నుంచి. పాపను బయటికి పంపాలా, వద్దా అని యాప్ అడుగుతోంది. వెనకే ఆమె ఫోన్: "లేపితే లేస్తలేదు మేడం. నేనే తీస్కపోతున్న."

ఒప్పుకున్నట్టు నొక్కాను.

నేను ఆస్పత్రికి చేరేసరికి పాప ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. న్యుమోనియా అన్నారు. పొద్దుటి నుంచి ఒంటేలు ఎన్నిసార్లు పోసిందని డాక్టరమ్మ నన్ను అడిగింది. నేను అక్క వైపు చూశాను. ఒక్కసారే, అదీ కొంచెమే అని అక్క చెప్పింది.

"జ్వరం తగ్గిందని ధైర్యపడకూడదమ్మా," అంది డాక్టరమ్మ నాతో. "గౌను ఎత్తి ఊపిరి చూడాలి. ఊపిరి వేగంగా తీస్తున్నా, పక్కటెముకల దగ్గర గుంటలు పడుతున్నా, పాలు మానేసినా, లేపితే లేవకపోయినా వెంటనే తీసుకురండి. ఇంకాసేపు ఆగి ఉంటే కష్టమయ్యేది. ఈమె తెచ్చింది కాబట్టి సరిపోయింది."

పాప అంత కష్టంలో ఉన్నా ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది.

పాప అయిదో రోజుకు తేరుకుని ఇంటికి వచ్చింది. కానీ నేను మరిచిపోలేనిది ఆ మధ్యాహ్నమే జరిగింది. మా ఆయన ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి, పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదని అడిగాడు.

"తెలియలేదు. అక్క కూడా ఇప్పుడే గమనించింది," అన్నాను.

అక్క పాప అరికాళ్లు రుద్దుతోంది. ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది.

"అవు సార్. నేను ఇప్పుడే చూసిన," అంది.

ఆ మాటతో నన్ను కాపాడింది. దానికి కూడా నాకు ఆమె మీద కుళ్లే పుట్టింది. ఆమె స్థానంలో నేనుంటే ఆ మాట అనేదాన్ని కాదు.