బాగున్న స్క్రీన్‌కి జబ్బులు

ఆ రోజుల్లో నాకు ఫోన్ చేసేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు మా అమ్మ, రెండోవారు నా రీచార్జి అయిపోవస్తోందని గుర్తుచేసే రికార్డు గొంతావిడ. ఇద్దరిలో రెండో ఆవిడే ఎక్కువ శ్రద్ధగా చేసేది. (అమ్మని తప్పుపట్టడం కాదు. పరుచూరు దగ్గర మా పల్లెలో టీచరమ్మ ఆవిడ. బడి, ఇల్లు, ఆదివారం చర్చిలో అందరిచేతా పాటలు పాడించడం, వీటి మధ్యలో నాకు చేసే ఫోన్ "తిన్నావా, సరే పడుకో" దగ్గర ఆగిపోయేది.) ఇప్పుడు ఒంగోలులో నాకంటూ ఒక ప్రింటింగు షెడ్డు ఉంది. రోజంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది, విసుక్కుంటూనే ఎత్తుతుంటాను. కానీ మనిషి గొంతు కోసం మొహం వాచిపోయిన ఆ ఏడాది గుర్తొస్తే విసుగు పోయి నవ్వొస్తుంది, ఆ వెనకే కొంచెం దిగులూ వేస్తుంది.

డిగ్రీ అయ్యాక మంగళగిరిలో పనికి కుదిరాను. చీరల కొట్లవాళ్ళు చీర పెట్టి ఇచ్చే గుడ్డసంచులమీద కొట్టు పేరూ బొమ్మా అచ్చు వేసే చిన్న యూనిట్ అది. మేడమీద ఒక హాలు, పొడుగాటి బల్ల, గోడకి ఆనించిన చెక్క ఫ్రేములు, నేను. యజమానురాలిని అక్కా అనేదాన్ని. మనిషి మంచిదే, కాకపోతే మనిషి ఉండేది కాదు. గుడ్డ కోసం చీరాలలో, ఆర్డర్ల కోసం గుంటూరులో తిరుగుతుండేది. నాలుగు రోజులు పని నేర్పి, "ఇంకేముంది, నువ్వే చూసుకుంటావులే" అని తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. హాస్టల్లో నా గదిలో ఇద్దరమ్మాయిలు ఉండేవారు. ఆఫీసునుంచి రాగానే చెవుల్లో వైర్లు పెట్టుకునేవారు. నేను "అన్నం తిన్నారా" అని అడిగితే ఒక వైరు తీసి "హా?" అని, మళ్ళీ అడిగేలోపు పెట్టేసుకునేవారు. కొన్నాళ్ళకి నేను అడగడం మానేసి ఫ్రేములతో మాట్లాడటం మొదలుపెట్టాను. అవి కనీసం వైర్లు పెట్టుకోవు.

స్క్రీన్ చెయ్యడం తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఫ్రేముకి బిగించిన సన్నటి జాలీ గుడ్డకి మందు పూసి, చీకట్లో ఆరబెట్టి, దానిమీద నల్ల బొమ్మ పెట్టి ఎండ చూపిస్తారు. ఎండ తగిలినచోట మందు గట్టిపడుతుంది. బొమ్మ నీడ పడినచోట మెత్తగా ఉండిపోయి, నీళ్ళు కొడితే పోతుంది. ఆ ఖాళీలోంచే ఇంకు దిగుతుంది. ఎండ ఎంతసేపు అన్నదే అసలు కిటుకు. మా అక్క గడియారం చూసే రకం కాదు. "ఒక పాట పాడుకునేంతసేపు ఉంచి తీసెయ్" అని చెప్పింది. ఆవిడకి పాట అంటే కూనిరాగం తీసుకునే సినిమా పాట. నాకు పాట అంటే అమ్మ చర్చిలో పాడించే పాట. అందులోనూ మొదటిసారి ఒక్కదాన్నే స్క్రీన్ పట్టుకుని డాబా ఎక్కిన రోజు మనసు బాగోలేక, గుడ్ ఫ్రైడే నాడు పాడే పాట ఎత్తుకున్నాను. అన్ని చరణాలూ, ప్రతి చరణానికీ పల్లవి, మా ఊరి పద్ధతిలో ఆఖరి పంక్తి రెండోసారి. ఎండలో నిలబడి పాడుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. కిందికి తెచ్చి నీళ్ళు కొడితే బొమ్మ ఊడలేదు. బ్రష్షుతో రుద్దినా ఊడలేదు.

ఇంకు డబ్బామీద గుంటూరు కొట్టువాళ్ళ నంబరు ఉంటే దానికి చేశాను. ఎవరో పెద్దాయన ఎత్తారు. సంగతి చెప్పాను.

"ఎండలో ఎంతసేపు పెట్టావమ్మా?"

"ఒక పాట సేపండి."

"ఏ పాటో కొంచెం పాడు."

పాడాను. (ముక్కూమొహం తెలియని మనిషికి ఫోన్‌లో పాట పాడటమేమిటని అప్పుడు తోచలేదు. నన్ను ఎవరైనా ఏమైనా అడిగి చాలా రోజులైంది మరి.) ఆయన చరణమంతా ఓపిగ్గా విన్నారు.

"బాగా పాడావు తల్లీ. కానీ ఇంత నెమ్మదిగా పాడితే స్క్రీన్ సంగతి అటుంచు, వడియాలు కూడా మాడిపోతాయి. మీకు చప్పట్లు కొట్టి పాడే పాటలుంటాయి కదా, అట్లాంటిది పాడు. రెండు చరణాలు చాలు. మబ్బు పట్టిందనుకో, మూడు."

మర్నాడు చప్పట్లు కొడుతూ రెండు చరణాలు పాడాను. బొమ్మ పువ్వులా విచ్చుకుంది. సంచులన్నీ చక్కగా అచ్చయ్యాయి. సాయంత్రం ఫోన్ చేతిలోకి తీసుకున్నాక అర్థమైంది, ఇక ఆయనకి ఫోన్ చెయ్యడానికి నా దగ్గర ఏ కష్టమూ మిగల్లేదని. హాస్టల్‌కి వెళితే వైర్లు. ఇక్కడుంటే ఫ్రేములు. పని కుదిరినందుకు సంతోషించాల్సింది పోయి, ఏడుపొచ్చింది. అప్పుడు చేశాను ఫోన్, "బాబాయ్ గారూ, ఇంకు జాలీలోనే ఆరిపోయి దిగట్లేదండి" అని.

ఆయన నిజమేననుకుని వివరంగా చెప్పారు. ఎండాకాలం అచ్చు వేస్తూ వేస్తూ మధ్యలో ఆపకూడదట. ఆపక తప్పకపోతే బొమ్మమీద పల్చగా ఇంకు లాగి కప్పి వదలాలట. ఫ్యాను బల్లమీదికి కాకుండా గోడవైపు తిప్పాలట. ఇంకో సాయంత్రం ఇంకు గుడ్డలోకి పాకిపోతోందన్నాను. అది వానాకాలం వచ్చే జబ్బే, అయినా ఇంకు పల్చన చేశావేమో, గంజి ఎక్కువున్న గుడ్డేమో, ఇంకు లాగే రబ్బరు బద్దని మరీ నొక్కి లాగుతున్నావేమో చూడమన్నారు. ఆ తర్వాత అచ్చు రెండుగా పడుతోందన్నాను. బల్లకి జిగురు రాసి గుడ్డ కదలకుండా అతికించమన్నారు. ఆ తర్వాత స్క్రీన్ నిండా సన్నటి చిల్లులన్నాను. అది దుమ్ము వల్ల, మందు పూసేముందు గది తడిగుడ్డతో తుడవమన్నారు. ప్రతిసారీ చివర్లో "అన్నం తిన్నావా" అని అడిగేవారు, జవాబు వినేవారు కూడా. నా స్క్రీన్ మాత్రం ఏ జబ్బూ లేకుండా గోడకి ఆనుకుని నన్నే చూస్తూ ఉండేది.

అబద్ధాలు ఎక్కువైతే లెక్క తప్పుతుంది. ఒక సాయంత్రం ఏ జబ్బు ఎప్పుడు చెప్పానో మర్చిపోయి, ఇంకు ఆరిపోతోందనీ పాకిపోతోందనీ రెండూ ఒకే ఊపులో చెప్పేశాను.

"ఒకే స్క్రీన్‌కేనా?" అన్నారు.

"అవునండి. చిల్లులు కూడా ఉన్నాయండి."

"ఒకే స్క్రీన్‌లో ఎండాకాలం, వానాకాలం రెండూ ఉన్నాయేంటమ్మా. నా సర్వీసులో ఎప్పుడూ వినలేదు. నాది బటన్ల ఫోను, ఫోటో పంపినా కనపడదు. రేపు పొద్దున బస్సెక్కి వస్తాలే."

నాకు భయం పట్టుకుంది. ఆయన తిడతారని కాదు. నా మాట అబద్ధమని తెలిశాక ఇక ఫోన్ ఎత్తరేమోనని. మంగళగిరి మొత్తంమీద నాకున్నది ఆ ఒక్క గొంతు, అది కూడా గుంటూరులో ఉంది. అందుకని తెల్లారగానే యూనిట్ తెరిచి, నిక్షేపంలాంటి స్క్రీన్‌కి జబ్బు తెప్పించే పనిలో పడ్డాను. ఇంకు పులిమి ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టాను. సూది తీసుకుని చిల్లులు పొడిచాను. అదే స్క్రీన్‌తో గుంటూరులో కొత్త కొట్టుకి సంచులు వెయ్యాల్సి ఉందనీ, అక్క మర్నాడే వచ్చి తీసుకెళుతుందనీ గుర్తొచ్చేసరికి సగం పొడవడం అయిపోయింది. మిగతా సగం కూడా పొడిచేశాను, సగం జబ్బు బాగుండదని.

గొంతుని బట్టి ఆయనకి నేను పెద్ద మీసాలు ఊహించుకున్నాను. వచ్చినాయన సన్నగా, పొట్టిగా, గొడుగు పట్టుకుని ఉన్నారు. గోళ్ళ చుట్టూ నాలుగైదు రంగులున్నాయి. మంచినీళ్ళు తాగి, జేబులోంచి భూతద్దం తీసి స్క్రీన్‌ని వెలుతురుకి ఎత్తిపట్టుకుని చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, దుమ్ముకి ఇంత పద్ధతి ఉండదు. ఇవి ముగ్గు చుక్కలు."

(టీచరమ్మ కూతుర్ని. ఏం చేసినా వరసలో చెయ్యడం అలవాటు.)

"సూదా, గుండుసూదా?"

"సూదండి."

"ఇంకు ఆరబెట్టింది ఎండలోనా?"

"ఫ్యాను కిందండి."

"మరి పాకడం?"

"దానికి టైము చాల్లేదండి," అన్నాను, అని భోరుమని ఏడ్చేశాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ముందు స్క్రీన్ సంగతి చూద్దాం పద" అన్నారు. ఇద్దరం కలిసి పాత మందు కడిగి కొత్తది పూశాం. అది ఆరాక డాబా ఎక్కాం. నేను పాడుతుంటే ఆయన చప్పట్లు కొట్టారు. పక్క డాబామీద మిరపకాయలు ఆరబోస్తున్న ఆవిడ చేతులాపి మావైపే చూస్తూ నిలబడిపోయింది. బొమ్మ చక్కగా వచ్చింది. మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పితే ఇద్దరికి సరిపడా అన్నం ఉంది.

"మీకు ముందే తెలుసా బాబాయ్ గారూ?"

"తెలియకేం. ఇంత మంచి ఎండల్లో వానాకాలం జబ్బు చెప్పినప్పుడే తెలిసింది."

"మరి అన్నిటికీ విరుగుడు ఎందుకు చెప్పారండి?"

"అడిగావు కదమ్మా. ఫ్లెక్సీలొచ్చాక ఇంకు గురించి అడిగేవాళ్ళెవరున్నారు. ఇవాళ కొట్టుకి తాళం వేసొచ్చాను, ఎందుకు వేశావని అడిగేవాళ్ళు కూడా లేరు. ఇంట్లో నేనూ టీవీనే. సాయంత్రమయ్యేసరికి ఈ పిల్ల ఇవాళ ఏ జబ్బు చెబుతుందోనని నేనే ఎదురుచూసేవాణ్ణి." పచ్చడి నా వైపు జరిపి, "రేపు కూడా ఫోన్ చెయ్యి. కాకపోతే బాగుందని చెయ్యి. బాగున్నప్పుడు ఎవరూ చెయ్యరు మాకు" అన్నారు.

సాయంత్రానికల్లా సంచులన్నీ అచ్చు వేశాను. మర్నాడు అక్క వచ్చి తీసుకెళ్ళింది. సాయంత్రం నేను ఫోన్ చేశాను.

"బాబాయ్ గారూ, అంతా బాగానే ఉందండి."

"ఓహో," అన్నారు. తర్వాత ఏం మాట్లాడాలో ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. "ఇంకు దిగుతోందిగా?"

"దిగుతోందండి."

"పాకట్లేదుగా?"

"లేదండి."

"ఇంతకీ మీ హాస్టల్లో ఏం కూర ఇవాళ?" అన్నారు.

"దొండకాయండి."

"బాగుందా?"

"అస్సలు బాగోలేదండి."

"ఆఁ, చెప్పు చెప్పు," అన్నారు. అవతల కుర్చీ లాక్కుంటున్న చప్పుడు వినిపించింది.

ఆ తర్వాత మేము చాలాకాలం మాట్లాడుకున్నాం, ఇంకు గురించి తక్కువగా. నాకు మాత్రం ఆ జబ్బు పూర్తిగా తగ్గలేదు. ఊరికే పలకరించాలనిపించి ఎవరికైనా ఫోన్ చేస్తే, వాళ్ళు "ఏంటి విషయం" అనగానే కంగారుపడి ఇంట్లో ఏదో ఒకటి పాడైందని చెప్పేస్తాను. మొన్న అమ్మకి చేస్తే, ఎత్తుతూనే "ఏమే, మళ్ళీ మిక్సీ పాడైందా" అంది. మిక్సీ నా ఎదురుగా బంగారంలా ఉంది. "లేదమ్మా, బాగానే ఉంది, ఊరికే చేశాను" అన్నాను. తల నెరుస్తున్న ఈ వయసులో ఆ నాలుగు మాటలూ రెండుసార్లు మొదలుపెట్టి చెప్పాల్సి వచ్చింది.