ట్యాంకు ఎవరు కడుగుతారు

పొద్దున్నే గడ్డం గీసుకుంటూ జంగయ్య అద్దంలోకి చూసి, "ఐ క్లీన్, హీ క్లీన్స్" అన్నాడు. వెనక నుంచి భార్య అరుణమ్మ అందుకుంది.

"ఇంట్ల చెంబు గడగవు గని, కంపెనీల ట్యాంకులు గడుగుతవా?"

అరుణమ్మ పొరపాటు పడింది. జంగయ్య కంపెనీలోనూ ఏమీ కడగడు. హత్నూర నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గరి ఓ మందుల ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరిన మనిషి, పర్మినెంట్ ఆపరేటరైన రోజే బ్రష్షు కింద పెట్టేశాడు. అక్కడి పద్ధతి అంతే. కాంట్రాక్టు హెల్పరు ట్యాంకు కడుగుతాడు, ఆపరేటరు తానే కడిగినట్టు సంతకం పెడతాడు. దాన్ని ఎవరూ తప్పనుకోరు, హోదా అనుకుంటారు.

ఇప్పుడు ఆ మందులు కొనే జర్మనీ కంపెనీ నుంచి ఒకాయన తనిఖీకి వస్తున్నాడు. ఆపరేటర్లతో నేరుగా మాట్లాడతాడట. ఇంగ్లిష్‌లో తడబడినవాణ్ని మురుగునీటి ప్లాంటుకు పంపుతానని మేనేజర్ చంద్రకాంత్ ముందే చెప్పాడు. ఆ ప్లాంటువాళ్ల పక్కన క్యాంటీన్‌లో ఎవరూ కూర్చోరు. రిటైర్మెంట్ ముందు ఆ వాసన అంటించుకోవాలని జంగయ్యకు లేదు.

పాఠం చెప్పడానికి రుద్రారం నుంచి సృజన అనే టీచరమ్మ వచ్చింది. హీ, షీ వస్తే క్రియకు చివర ఎస్ తగిలించాలంది. ఐ, యూ, దే వస్తే అక్కర్లేదంది.

"నేను గూడ ఒక్కన్నే గద మేడం, నాకెందుకు లేదు ఎస్సు?"

"ఐ లెక్క వేరు జంగయ్య గారూ. అదంతే."

"సమజైంది మేడం. ఐ, యూ పర్మినెంటు. హీ, షీ కాంట్రాక్టు. బరువంత ఆళ్ల మీదనే."

క్లాసంతా నవ్వింది. సృజన నవ్వలేదు గానీ, ఆ తర్వాత ఎవరూ ఎస్ మరిచిపోలేదు.

తనిఖీ రోజు జర్మనీ ఆయన ట్యాంకు దగ్గర ఆగి, "హూ క్లీన్స్ దిస్?" అని అడిగాడు. చెప్పాల్సిన జవాబు "ఐ క్లీన్". జంగయ్య నోరు తెరిచాడు. ఎదురుగా హెల్పర్లంతా వరసగా నిలబడి ఉన్నారు. ఇన్నేళ్లుగా తనను అన్నా అని పిలిచేవాళ్లు. వాళ్ల ముందు నేను కడుగుతానని ఒప్పుకోవడమా?

తన్వీర్ అనే హెల్పరు వైపు వేలు చూపించి, "హీ క్లీన్స్ ద ట్యాంక్" అన్నాడు. ఎస్ ఖంగుమంది.

"అండ్ యూ?"

"ఐ సైన్."

ఎస్ లేదు, ఉండకూడదు కూడా. జర్మనీ ఆయన చాలాసేపు రాసుకున్నాడు. చంద్రకాంత్ ముఖం పాలిపోయింది.

సాయంత్రం మేనేజర్ గదిలో జంగయ్య నిలబడి ఉన్నాడు.

"ఒక్క తప్పు లేకుంట చెప్పిన గద సార్."

"తప్పులేకుంట చెప్పమన్న గని, నిజం చెప్పమన్ననా?"

"హెల్పర్ల ముంగట ఇజ్జత్ వోతది సార్."

"ఇప్పుడు కంపెనీది వోయింది."

బయట తన్వీర్ ఎదురుచూస్తున్నాడు. "ఏమాయె అన్నా? నన్నెందుకు సూపెట్టినవ్? రేపు నా గేటు పాసు పీకేస్తరు."

పీకలేదు. జర్మనీ ఆయనకు వేలితో చూపించిన మనిషిని అప్పుడే మాయం చేస్తే బాగుండదని తన్వీర్‌కు ఆపరేటరు శిక్షణ మొదలుపెట్టారు. జంగయ్య మురుగునీటి ప్లాంటుకు వెళ్లాడు. అక్కడ హెల్పర్లు లేరు. బ్రష్షు గోడకు వేలాడుతోంది.

తర్వాతి సోమవారం ఇంగ్లిష్ రెండో బ్యాచ్ మొదలైంది. ఐ, హీ, దే ఏవీ వద్దని, ఎవరు చేశారో తెలియని వాక్యాలు మాత్రమే నేర్పాలని చంద్రకాంత్ సృజనకు చెప్పాడు. ఆమె బోర్డు తుడిచి, 'ద ట్యాంక్ ఈజ్ క్లీన్డ్' అని రాసింది.