కమ్మరికి తగిలిన 'జీ'

సౌదీలోని దమ్మామ్‌లో మా వెల్డింగ్ షెడ్డు ఫోర్‌మన్ తుర్కీ మనిషి. చేరిన రోజే ఆయనతో నాకు పడలేదు. చొక్కా జేబు మీద ఇంగ్లీషులో కుట్టి ఉన్న పేరు చదివి "డెమిర్సీ సార్" అన్నాను. ఆయన వేలెత్తి "దెమిర్జీ!" అని సరిదిద్దాడు. తన పేరుకు తానే 'జీ' తగిలించుకునే మనిషిని అంతకుముందు చూడలేదు. మనసులో పెట్టుకున్నాను.

నేను ఏదీ మరిచిపోను. ఐటీఐలో హాజరు పిలుస్తూ మా సారు నా ఇంటిపేరు దగ్గర ఆగి, "కమ్మరోనివా? నీకు నేర్పుడెందుకురా, ఇంటికి పొయ్యి కొలిమి ఊదుకో" అన్నాడు. ముందు బెంచీలో ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అందుకే పాపను బడిలో వేసే ఏడు, శుక్రవారం ఫోన్‌లో నా భార్యకు గట్టిగా చెప్పాను.

"ఫారంల ఇంటిపేరు మొత్తం రాయకు. ఒక్క 'కె' పెట్టు, సాలు."

"మీ నాయిన ఇంటిపేరు జెప్పుకోనీకి సిగ్గయితుందా నీకు?"

"సిగ్గు గాదు. పిల్లను జూసి ఎవడు నవ్వొద్దు."

"ఫారం ఇయ్యనీకి ఇంక వారముంది. మంచిగ ఆలోచన జెయ్యి" అని పెట్టేసింది. రెండు రోజులు అలిగాను. సముద్రం ఇవతల అలిగితే ఆమెకేం తెలుస్తుంది?

ఆ వారంలోనే చాయ్ వేళ ఫోర్‌మన్ నా ఇకామా, అదే సర్కారిచ్చే నివాస కార్డు, చూసి, తనకొచ్చిన ముక్కల ఉర్దూలో "కమ్మరి? యే క్యా?" అన్నాడు. మాట దొరక్క, సుత్తితో ఇనపరేకు మీద రెండు దెబ్బలు వేసి చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నా భుజం పట్టుకుని "కమ్మర్జీ!" అన్నాడు.

ఆ మాటకు ఎవరైనా 'జీ' చేర్చడం నేను పుట్టాక అదే మొదటిసారి. ఆ పూట నా అతుకులు ఎంత నున్నగా వచ్చాయో!

సాయంత్రానికి పక్క బెంచీ అఫ్గాన్ వెల్డరు ఆ సంతోషం కాస్తా తీసేశాడు.

"అరే పాగల్, అది మర్యాద కాదు. తుర్కీలో దెమిర్ అంటే ఇనుము. సీ అని రాసి జీ అని పలుకుతారు, అంటే ఆ పనివాడు. బావర్చీ, ఖజాంచీ అనరా మీరు? ఆ చీయే ఇది. కమ్మర్ అంటే మీ భాషలో ఇనుమనుకున్నాడు ముసలాయన. మా ఫార్సీలో అయితే ఆహంగర్. ఆహన్ ఇనుము, గర్ చేసేవాడు, కారీగర్‌లో ఉన్న గర్. మా ఊళ్లో ఆ ఇంటిపేరు ఎందరికో ఉంది."

మర్నాడు నేరుగా ఫోర్‌మన్ దగ్గరికే వెళ్లాను. "నన్ను కమ్మర్జీ అనొద్దు. కమ్మరి చాలు. అది కూడా మాకు ఎవడో అంటగట్టిందే" అన్నాను.

ఆయన నన్ను కూర్చోబెట్టి, తన చాయ్ నా ముందుకు జరిపాడు. తన తాత కాలంలో, ప్రతివాళ్లూ ఇంటిపేరు పెట్టుకోవాలని సర్కారు హుకుం చేసిందట. పులి అనుకో, కొండ అనుకో, ఏదైనా సరే. మసిచేతులతో ఆఫీసుకు వెళ్లిన తాత 'దెమిర్జీ' అన్నాడట. ఇంకా పెద్దదేదైనా చెప్పమంటే, ఇంతకన్నా పెద్దది నాకు తెలియదన్నాడట.

"మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నాను.

ఆయన తన చెయ్యి నా చేతి పక్కన పెట్టాడు. నిప్పురవ్వల మచ్చలు రెండింటికీ ఒకలాగే ఉన్నాయి.

"అబ్ మై పూఛా. బోల్, క్యా నామ్?"

అడిగితే ఏం చెప్పాలో అన్నేళ్లు సిద్ధం చేసుకుని ఉన్నాను. నోట్లోంచి మాత్రం 'కమ్మరి' అనే వచ్చింది.

"కమ్మర్జీ" అన్నాడాయన మళ్లీ. ఎన్నిసార్లు దిద్దినా అంతే. తర్వాత్తర్వాత దిద్దడం మానేశాను.

శుక్రవారం ఫోన్ చేసి, "ఇంటిపేరు మొత్తం రాయి" అన్నాను.

"రాసిన. నువ్వు వద్దన్న తెల్లారే ఇచ్చి వచ్చిన" అంది నా భార్య.

వారముందని నాతో అబద్ధమాడినందుకు ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.